వరదలో తడిసి బిగుసుకుపోయిన డ్రిల్ చక్‌ను ఊడదీయడం ఎలా?

సింగ్‌నగర్ వడ్రంగి
ఆదివారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో వడ్రంగి పని చేస్తాను. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు పనిముట్లన్నిటినీ అటక మీదకు చేర్చే వ్యవధి దొరకలేదు. మా నాన్నగారు నాకు పని నేర్పుతున్న రోజుల్లో కొన్న 13 మి.మీ. హ్యామర్ డ్రిల్లు కింది అరలోనే ఉండిపోయి, ఆ బురద నీటిలో కొన్ని రోజులు మునిగి ఉంది. తరువాత దాన్ని తుడిచి గోనెసంచిలో పెట్టి, వేరే డ్రిల్లుతో పని గడుపుకుంటూ వచ్చాను. ఈ మధ్యే దాన్ని విప్పించి, మోటారులో తిరిగే ఆర్మేచర్ ఆరబెట్టించి, బేరింగులూ కార్బన్ బ్రష్‌లూ మార్పించాను. మోటారు చక్కగా తిరుగుతోంది. ముందు భాగంలో దవడలతో బిట్‌ను పట్టి ఉంచే చక్ మాత్రం లొంగడం లేదు.

వరదకు ముందు గోడకు రంధ్రం వేసిన 6 మి.మీ. కాంక్రీటు బిట్ ఇంకా దాని నోట్లోనే ఉంది. చక్ కీ పెట్టి తిప్పితే పళ్లు జారిపోతున్నాయి. దవడలు తెరుచుకోకపోతే చక్ మొత్తాన్నే ఊడదీసి కొత్తది వేద్దామని, నిన్న సాయంత్రం దానికి పైపు రెంచి వేసి, సీసా మూత విప్పే దిశలో బలమంతా పెట్టి లాగాను. చక్ కదలలేదు సరికదా, బయటి గొట్టం మీద రెంచి పళ్లు దిగబడి మూడు గాట్లు పడ్డాయి.

కొత్త డ్రిల్లు కొనలేక అడుగుతున్నానని అనుకోవద్దని మనవి. నాన్నగారి అరచేతి రాపిడికి పిడి నునుపెక్కిన డ్రిల్లు ఇది. దీన్ని పాత ఇనుము బండికి వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఆటోనగర్ లేత్
ఆదివారం, రాత్రి 10.15

వడ్రంగి గారూ, ముందు ఆ పైపు రెంచిని పక్కన పెట్టండి. మీ డ్రిల్లుకు వెనక్కి తిరిగే రివర్స్ స్విచ్ ఉందా లేదా అన్నది మొదట చెప్పండి, ఎందుకంటే మిగతా పనంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

రివర్స్ ఉన్న డ్రిల్లులో సాధారణంగా చక్ లోపల, దవడల అడుగున, స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) మధ్యలోకి దిగిన ఒక స్క్రూ ఉంటుంది. చక్ స్పిండిల్ మీద మామూలు కుడి మరతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి, డ్రిల్లు వెనక్కి తిరిగేటప్పుడు అది తనంతట తానే విప్పుకుని ఊడి రావడానికి వీలుంది. అలా రాకుండా ఆపేది ఈ స్క్రూ. అందుకే దానికి ఎడమ మర పెడతారు. షెడ్లలో మేము లెఫ్ట్ థ్రెడ్ అంటాము. టేబుల్ ఫ్యాన్ రెక్కల ముందు ఉండే మూత, సైకిల్ ఎడమ పెడల్ కూడా ఇలాంటివే. చక్ మీ ముఖం వైపు ఉండేలా పట్టుకుని చూస్తే, ఈ స్క్రూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది; చక్ అయితే దానికి వ్యతిరేక దిశలో వదులవుతుంది. ఒకే చోట రెండు మరలు రెండు దిక్కులకు ఉండటం వల్లే తెలిసినవారు కూడా తికమకపడతారు. రివర్స్ లేని పాత డ్రిల్లులో ఈ స్క్రూ అవసరం లేదు కనుక సాధారణంగా ఉండదు.

నా దగ్గరకు వచ్చే వంగిన స్పిండిళ్లలో చాలా భాగం, లోపల స్క్రూ ఉందని తెలియక దాన్ని అలాగే ఉంచి బయట సుత్తితో మోదినవే.

కానూరు గృహస్థు
ఆదివారం, రాత్రి 10.50

ఇంత శ్రమ ఎందుకండీ? నేను ఒక వీడియోలో చూశాను. ఒక పెద్ద ఎలెన్ కీని, అంటే ఎల్ ఆకారంలో వంగిన ఆరు పలకల కడ్డీని, చక్‌లో బిగించి, దాని పొడుగు కాడను బల్ల అంచుకు ఆనించి, డ్రిల్లును రివర్స్‌లో పెట్టి ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే మోటారు బలానికే చక్ వదులైపోతుంది.

పటమట ఎలక్ట్రీషియన్
సోమవారం, ఉదయం 6.30

కానూరు గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే రాశారని తెలుసు, కానీ ఆ సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. నేను సరిగ్గా ఆ పనే చేశాను. కీ బల్ల అంచున ఒక క్షణం ఆగి, తరువాత జారింది. డ్రిల్లు నా చేతిలోనే గిరుక్కున తిరిగి మణికట్టును మెలిపెట్టింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నాను, ఇప్పటికీ చలికాలంలో ఆ చేత్తో నిచ్చెన పట్టుకోలేను. తీగతో నడిచే 13 మి.మీ. డ్రిల్లుకు తక్కువ వేగంలో ఉండే తిప్పుడు బలం మనిషి మణికట్టు ఆపగలిగినది కాదు.

చక్ మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గును సాకెట్ నుంచి తీసి, అది మీ కంటికి కనిపించే చోట పెట్టుకోండి. బ్యాటరీ డ్రిల్లు అయితే బ్యాటరీని ఊడదీసి పక్కన పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు.

సింగ్‌నగర్ వడ్రంగి
సోమవారం, ఉదయం 7.05

నా డ్రిల్లుకు ట్రిగ్గర్ పైన రివర్స్ మీట ఉంది. అంటే లోపల స్క్రూ కూడా ఉండే ఉంటుంది. కానీ దవడలు బిట్‌ను కరుచుకుని మూసుకుపోయి ఉన్నప్పుడు ఆ స్క్రూను చేరడం ఎలా? నాకు ఇప్పుడు రెండు చిక్కులు ఒకదాని లోపల ఒకటి ఉన్నట్టు అనిపిస్తోంది.

ఆటోనగర్ లేత్
సోమవారం, ఉదయం 8.20

మీకు అనిపించింది నిజమే, కాబట్టి వరుస తప్పకుండా వెళ్లాలి. ముందు దవడలు తెరవాలి, తరువాత స్క్రూ తీయాలి, ఆ తరువాతే చక్‌ను ఊడదీయాలి. ఈ వరుసలో దేనినైనా దాటవేస్తే స్పిండిల్ పోతుంది.

దవడలు ఎలా కదులుతాయో తెలిస్తే మీ రెంచి ఎందుకు పనిచేయలేదో అర్థమవుతుంది. చక్ బాడీలో మూడు ఏటవాలు రంధ్రాలు ఉంటాయి, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క దవడ జారుతుంది. ప్రతి దవడ వీపున మరలు కోసి ఉంటాయి. ఆ మూడింటి మరలనూ కలుపుతూ రెండు ముక్కలుగా ఉండే ఒక నట్టు చుట్టూ కూర్చుంటుంది, ఆ నట్టును బయటి పళ్ల గొట్టం బిగువుగా పట్టుకుని ఉంటుంది. గొట్టం తిరిగితే నట్టు తిరుగుతుంది, నట్టు తిరిగితే దవడలు ముందుకో వెనక్కో జారుతాయి. అంటే గొట్టం వేరు, బాడీ వేరు. స్పిండిల్ మీద మరతో బిగుసుకుని ఉన్నది బాడీ. మీరు మొన్న రెంచి వేసింది గొట్టానికి. మీ బలమంతా తుప్పు పట్టిన నట్టు మీదకు పోయిందే కానీ స్పిండిల్ మర మీదకు పోలేదు. నిజానికి అది మీ అదృష్టం, ఎందుకంటే స్క్రూ ఇంకా లోపలే ఉంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. డ్రిల్లును చక్ పైకి ఉండేలా ఒక బకెట్‌లో గుడ్డలు కుక్కి నిలబెట్టండి. బుడమేరు బురద, ఇటుక పొడి, తుప్పు కలిసి దవడల చుట్టూ సిమెంటులా గట్టిపడి ఉంటాయి కనుక, ముందు సన్నని సూదితో దవడల సందుల్లో గీకి పొడిని దులపండి. తరువాత తుప్పు వదిలించే నూనెను ఆ మూడు సందుల్లోనూ, చక్ కీ దూరే మూడు రంధ్రాల్లోనూ చుక్కలు చుక్కలుగా పోయండి. డబ్ల్యూడీ-40 ఉంటే మొదటి విడతకు అదే మంచిది, నీటి తేమను వెళ్లగొట్టడమే అది పుట్టిన పని. అది లేకపోతే డీజిల్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపి వాడండి, మా షెడ్డులో అదే వాడతాము. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పోస్తూ రెండు రోజులు ఉంచండి. మధ్యమధ్యలో ఒక ఇత్తడి ముక్కను గొట్టానికి ఆనించి, చుట్టూ తిప్పుతూ చిన్న సుత్తితో తట్టండి. ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది. బిట్ కొన మీద మాత్రం కొట్టవద్దు. కాంక్రీటు బిట్ కొనలో ఉండే కార్బైడ్ ముక్క పెళుసుగా ఉంటుంది, చిట్లితే కంట్లోకి వస్తుంది.

గుంటూరు అరండల్‌పేట
సోమవారం, మధ్యాహ్నం 1.10

క్షమించాలి, చర్చను పక్కదారి పట్టించాలని కాదు. మా దుకాణంలోని బెంచ్ డ్రిల్ చక్‌ను కూడా మార్చాలి. దానికీ లోపల ఎడమ మర స్క్రూ ఉంటుందా?

ఐటీఐ శిక్షకుడు, గుంటూరు
సోమవారం, మధ్యాహ్నం 2.00

ఉండదండీ, మీ యంత్రంలో చక్‌ను పట్టి ఉంచేది సాధారణంగా మర కాదు, టేపర్, అంటే శంకువులా క్రమంగా సన్నబడే బిగువు. దాన్ని ఎంత తిప్పినా రాదు. క్విల్‌ను, అంటే స్పిండిల్‌తో పాటు కిందకు దిగే గొట్టాన్ని, కిందకు దించి చూడండి. పక్కన పొడుగాటి కంత కనిపిస్తే, స్పిండిల్‌ను చేత్తో తిప్పుతూ లోపలి కంతను దానికి ఎదురుగా తెచ్చి, డ్రిఫ్ట్ అనే ఏటవాలు ఇనుప బద్దను అందులో దూర్చి ఒక దెబ్బ కొడితే చక్ తన కాడతో సహా కింద పడుతుంది. కంత లేకపోతే చక్ వీపుకూ స్పిండిల్‌కూ మధ్య ఉన్న సందులో రెండు చీలిక బద్దలను ఎదురెదురుగా పెట్టి దగ్గరకు నొక్కాలి. ఏ పద్ధతిలోనైనా కింద ఒక చెక్క దుంగ పెట్టండి. చక్ ఒక్కసారిగా ఊడి పడుతుంది, కాలి మీద పడితే ప్రమాదం.

మళ్లీ వడ్రంగి గారి విషయానికి వస్తాను. లేత్ గారు చెప్పిన చక్ నిర్మాణానికి ఒక్క మాట కలుపుతాను. పళ్ల కీతో బిగించే ఈ రకం చక్‌కు అమెరికాలో ఆర్థర్ జాకబ్స్ 1902లో పేటెంటు పొందారు. నూరేళ్లు దాటినా లోపలి అమరిక దాదాపు అదే. కాబట్టి వడ్రంగి గారి డ్రిల్లు ఏ కంపెనీదైనా ఇక్కడ చెప్పుకునే పద్ధతి దానికి సరిపోతుంది.

సింగ్‌నగర్ వడ్రంగి
బుధవారం, రాత్రి 8.30

బాబాయ్ గారూ, దవడలు తెరుచుకున్నాయి! మిమ్మల్ని బాబాయ్ అన్నందుకు ఏమీ అనుకోవద్దు, మీరు చెప్పిన తీరు మా బాబాయి పని చెప్పినట్టే ఉంది.

సూదితో గీకినప్పుడు మొదట ఎర్రటి ఇటుక పొడి రాలింది. దాని కింద బూడిద రంగు ఒండ్రు పొర ఉంది, గోటితో నొక్కితే పలకలా విరిగింది. వరద బురద ఇన్నాళ్లూ అందులోనే ఉంది. మంగళవారం సాయంత్రానికి కీ రంధ్రాల నుంచి కాఫీ రంగు నూనె చెమ్మగిల్లడం మొదలైంది. ఈ రోజు పొద్దున కీ మళ్లీ జారింది. అప్పుడు మీరు గొట్టం వేరు, బాడీ వేరు అన్న మాట గుర్తుకు వచ్చి, కీ దూరే రంధ్రంలో ఒక గట్టి ఇనుప కడ్డీ దూర్చి బాడీని మా తమ్ముడి చేత పట్టించి, గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దాని మీద పైపు రెంచి వేసి నెమ్మదిగా లాగాను. బిగువు సడలినట్టు చేతికి తెలిసింది, ఆ తరువాత ‘కిర్’మంటూ తిరిగింది. బిట్ బయటికి వచ్చేసింది.

టార్చి వేసి చూస్తే అడుగున స్క్రూ తల కనిపిస్తోంది. స్టార్ గాడి ఉంది, కానీ తుప్పు తినేయడంతో అంచులు గుండ్రబడ్డాయి. గడియారం దిశలోనే తిప్పాను, రెండు సార్లు స్క్రూ డ్రైవర్ జారింది, మూడోసారి ప్రయత్నించకుండా ఆగిపోయాను. విరిగిన స్క్రూలు తీసే ఎక్స్‌ట్రాక్టర్ సెట్ ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని వాడవచ్చా?

ఐటీఐ శిక్షకుడు, గుంటూరు
బుధవారం, రాత్రి 9.10

మీరు మూడోసారి ప్రయత్నించకుండా ఆగినందుకు అభినందనలు. ఎక్స్‌ట్రాక్టర్ మాత్రం వాడవద్దు. ఈ విషయంలో ఎంతోమంది మంచి పనివారు పొరపడటం చూశాను కనుక వివరంగా చెబుతాను.

బజారులో దొరికే మామూలు ఎక్స్‌ట్రాక్టర్ కుడి మర స్క్రూల కోసం చేసినది. దాని మెలిక ఎడమవైపు ఉంటుంది. దాన్ని గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పుతూ ఉంటే అది స్క్రూలోకి కరుచుకుని దాన్ని విప్పుతుంది. మీ స్క్రూ ఎడమ మరది. అదే దిశలో తిప్పితే మీరు దాన్ని ఇంకా బిగిస్తారు. ఎక్స్‌ట్రాక్టర్ గట్టి ఉక్కుతో చేసినది కనుక లోపల విరిగితే దాన్ని మామూలు బిట్‌తో తొలచడం కూడా కుదరదు.

అయితే ఇక్కడ మీకు కలిసివచ్చేది ఒకటి ఉంది. మామూలు డ్రిల్ బిట్ గడియారం దిశలో తిరుగుతూ కోస్తుంది, ఎడమ మర స్క్రూ కూడా గడియారం దిశలోనే విప్పుకుంటుంది. అంటే మీ దగ్గర ఉన్న రెండో డ్రిల్లుతో ఆ స్క్రూ తలలోకి మామూలుగా రంధ్రం వేస్తుంటేనే, బిట్ పట్టుకున్న చోట స్క్రూను విప్పే దిశలో తిప్పుతూ ఉంటుంది. కుడి మర స్క్రూ విరిగితే ఎడమ బిట్ కోసం వెతుక్కోవాలి. మీకు ఆ వెతుకులాట లేదు.

ముందు ఒక ప్రయత్నం చేయండి. స్టార్ గాడికి సరిగ్గా సరిపోయే కొత్త స్క్రూ డ్రైవర్ తీసుకుని, దాన్ని గాడిలో నిలబెట్టి వెనుక నుంచి సుత్తితో నాలుగైదు దెబ్బలు తట్టండి. మర సందుల్లోని తుప్పు పొర చిట్లుతుంది, డ్రైవర్ కొన కొత్త గట్టును కరుచుకుంటుంది. అప్పుడు గట్టిగా నొక్కిపెట్టి గడియారం దిశలో తిప్పండి. కదలకపోతే చక్ బాడీని కడ్డీతో కదలకుండా పట్టించి, సెంటర్ పంచ్‌తో స్క్రూ మధ్యలో గుర్తు పెట్టి, 3 మి.మీ. బిట్‌తో నెమ్మదిగా, తక్కువ వేగంతో, నిటారుగా మొదలుపెట్టండి. తరువాత 4, ఆ తరువాత 5. స్క్రూ ఎం6 (6 మి.మీ. మందం) సైజుది అయితే 5 దాటకూడదు, దాటితే స్పిండిల్ లోపలి మరలు తెగుతాయి. దవడలను పూర్తిగా తెరిచి ఉంచండి, బిట్ వాటికి తగలకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

ఆటోనగర్ లేత్
బుధవారం, రాత్రి 9.45

మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. 5 మి.మీ. దాకా వెళ్లే ముందు, 4 మి.మీ. తరువాత ఆగి తల ఊడిందేమో చూసుకోవాలి. తల ఊడిపోతే చాలు, చక్‌కు అడ్డు పోయినట్టే. చక్ వచ్చేసిన తరువాత స్పిండిల్ నుంచి బయటికి పొడుచుకుని ఉన్న మొదలును పట్టకారుతో పట్టి తిప్పవచ్చు. లోపలికి లోతుగా తొలిచే కొద్దీ మధ్య తప్పే ప్రమాదం పెరుగుతుంది.

ఇది కూడా కుదరకపోతే ఆఖరి దారి ఒకటి ఉంది. ఎలాగూ చక్‌ను పారేస్తున్నారు కనుక, గొట్టాన్ని గ్రైండర్‌తో నిలువునా కోసి చీల్చేస్తే లోపలి నట్టు రెండు ముక్కలై రాలిపోతుంది, దవడలు చేతికి వస్తాయి, బాడీ ఒక్కటే మిగులుతుంది. కానీ ఆ నిప్పురవ్వలు మోటారు గాలి కంతల్లోకి పోకుండా తడిగుడ్డ చుట్టాలి. అంతదాకా వెళ్లరనే నా నమ్మకం.

తాడేపల్లి ఫర్నిచర్
గురువారం, ఉదయం 10.20

నాది బ్యాటరీ డ్రిల్లు, చక్ కీ లేని రకం. స్క్రూ తల బాగానే ఉంది కానీ తిరగడం లేదు. నీళ్లలో పడలేదు, తుప్పు కూడా లేదు. దీనికి కారణం ఏమై ఉంటుంది?

ఐటీఐ శిక్షకుడు, గుంటూరు
గురువారం, ఉదయం 11.00

మీ డ్రిల్లులో కారణం చాలావరకు మరలకు పూసిన లాకింగ్ జిగురే అయి ఉంటుంది. ఫ్యాక్టరీలోనే ఎరుపు రకం పూస్తే అది దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడికి గానీ పట్టు వదలదు. అంత వేడిని హీట్ గన్‌తో చక్ మొత్తానికి పట్టిస్తే ముందు ప్లాస్టిక్ ముక్కు కరిగిపోతుంది, లోపలి నైలాన్ పళ్లచక్రాలూ గ్రీజూ పాడవుతాయి. బదులుగా మందపాటి కొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌ను స్క్రూ తల మీద కొన్ని నిమిషాలు ఆనించి ఉంచండి. వేడి కావలసిన చోటికే పోతుంది. వెంటనే, చల్లారకముందే, గడియారం దిశలో తిప్పండి. గేరును 1 మీద పెట్టండి, స్పిండిల్ ఎక్కువ బిగువుతో నిలుస్తుంది. గ్యాస్ మంటను మాత్రం దగ్గరకు రానివ్వవద్దు.

సింగ్‌నగర్ వడ్రంగి
గురువారం, రాత్రి 9.00

స్క్రూ వచ్చేసింది. సుత్తితో తట్టి తిప్పితే రాలేదు. 3 మి.మీ. బిట్‌కు సన్నని నల్లటి చిత్రిక పొట్టు వచ్చింది. 4 మి.మీ. బిట్ సగం దిగాక ఒక్క క్షణం పట్టేసింది, నేను ట్రిగ్గర్ వదిలేలోపే స్క్రూ బిట్‌తో పాటు తిరుగుతూ పైకి లేచింది. మాస్టారు రాసినది రాసినట్టుగా జరిగింది. స్క్రూను ఇప్పుడు నా బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. మరలు నిజంగానే ఎడమవైపుకు ఎక్కుతున్నాయి. ఇరవై ఏళ్లుగా డ్రిల్లు పట్టుకుంటున్నాను, ఈ స్క్రూ ఒకటి ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇక చక్ ఒక్కటే మిగిలింది.

ఆటోనగర్ లేత్
గురువారం, రాత్రి 9.40

శభాష్. ఇక ఓపికగా వినండి. చక్ వీపుకూ డ్రిల్లు ముక్కుకూ మధ్య ఉన్న సన్నని సందులో ఈ రాత్రి కొద్దిగా నూనె వదలండి, డ్రిల్లును ముక్కు కిందకు ఉండేలా పెట్టండి. ఎక్కువ పోయవద్దు, బేరింగులోకి వెళ్తుంది. అక్కడే స్పిండిల్‌కు రెండు వైపులా చదును ఉందేమో చూడండి. ఉంటే దానికి సరిపడే పానా పెట్టి స్పిండిల్‌ను పట్టవచ్చు.

మీ దగ్గరున్న వాటిలో అతి పెద్ద ఎలెన్ కీ తీసుకోండి, 10 మి.మీ. అయితే మేలు. పొట్టి కాడను దవడల్లో పెట్టి, చక్ కీతో మూడు రంధ్రాల్లోనూ వరుసగా బిగించండి. డ్రిల్లును బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, పొడుగు కాడ బల్ల అంచు బయట గాలిలో అడ్డంగా ఉండేలా చూసుకోండి. చక్ ముఖాన్ని చూస్తూ నిలబడితే కాడ మీ కుడి వైపుకు ఉన్నప్పుడు దాన్ని కింది నుంచి పైకి, ఎడమ వైపుకు ఉన్నప్పుడు పై నుంచి కిందకు కొట్టాలి. రెండూ గడియారానికి వ్యతిరేక దిశే. పై నుంచి కిందకు కొట్టడం సులువు కనుక కాడను ఎడమ వైపుకు పెట్టుకోండి.

నొక్కి లాగడం కాదు, చురుకైన దెబ్బ కావాలి. మెల్లగా లాగితే గేర్లూ ఆర్మేచరూ చక్‌తో పాటే మెల్లగా తిరిగిపోతాయి. ఒక్కసారిగా కొడితే, గేరు నిష్పత్తి వల్ల ఎన్నో రెట్లు వేగంగా తిరగవలసిన ఆర్మేచరు ఆ క్షణంలో కదలనంటుంది, స్పిండిల్ నిలిచిపోతుంది, దెబ్బ అంతా మర మీద పడుతుంది. అరకిలో సుత్తి చాలు. చేతి బరువుతో కాదు, మణికట్టు విసురుతో కొట్టండి. పది దెబ్బలకు రాకపోతే ఆపి, మళ్లీ నూనె వేసి మర్నాడు కొట్టండి.

సింగ్‌నగర్ వడ్రంగి
శనివారం, ఉదయం 7.15

నిన్న పది దెబ్బలకు రాలేదు, మీరు చెప్పినట్టే ఆపాను. ఈ ఉదయం నాలుగో దెబ్బకు శబ్దం మారింది. అంతవరకు ‘ఠంగ్’ మన్నది ‘టక్’ మంది. కాడ ఒక అంగుళం కిందకు దిగింది. తరువాత చక్‌ను చేత్తో తిప్పి తీశాను. స్పిండిల్ మీద మరలు మొదట్లో గోధుమ రంగులో ఉన్నాయి, లోపలికి వెళ్లే కొద్దీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వరద నీరు సగం మర దాకే వెళ్లగలిగింది. నాన్నగారికి చూపించాను. ఆయన స్పిండిల్‌ను బొటనవేలితో తడిమి, ఏమీ అనకుండా ఇత్తడి బ్రష్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

కొత్త చక్ కొనడానికి వెళ్తున్నాను. ఏం చూసుకోవాలి?

ఆటోనగర్ లేత్
శనివారం, ఉదయం 7.50

పాత చక్‌ను చేత్తో పట్టుకుని వెళ్లండి, సైజు నోటితో చెప్పవద్దు. 13 మి.మీ. అన్నది చక్ నోరు పట్టే బిట్ సైజు మాత్రమే, వెనుక మర సైజు వేరు. 13 మి.మీ. చక్‌లలో ఎక్కువగా అర అంగుళం యూఎన్ఎఫ్ అనే సన్న మర, అంటే అంగుళానికి 20 మరలు ఉంటుంది. స్పిండిల్ మందం 12.7 మి.మీ. ఉంటుంది. చిన్నవాటిలో మూడెనిమిదో అంగుళం, అంగుళానికి 24 మరలు ఉంటుంది. దాని మందం తొమ్మిదిన్నర మి.మీ. చక్ వీపు మీద 1/2-20 అనో 3/8-24 అనో అచ్చు వేసి ఉంటుంది. మధ్యలో స్క్రూ వెళ్లే రంధ్రం ఉన్న చక్‌నే తీసుకోండి. రంధ్రం లేనివీ అమ్ముతారు, అవి రివర్స్ లేని డ్రిల్లుల కోసం. దుకాణంలోనే కొత్త చక్‌లో ఒక నిటారు కడ్డీ బిగించి, చేత్తో తిప్పి చూస్తే దవడలు మధ్యకు వస్తున్నాయో లేదో తెలుస్తుంది.

బిగించేటప్పుడు మరలకు ఒక్క చుక్క నూనె రాసి చక్‌ను చేత్తో ఎక్కించండి. వీపు స్పిండిల్ మెట్టుకు ఆనిన తరువాత ఎలెన్ కీతో గడియారం దిశలో ఒకటి రెండు తేలికపాటి దెబ్బలు చాలు. ఆ తరువాత కొత్త ఎడమ మర స్క్రూను గడియారానికి వ్యతిరేక దిశలో బిగించండి. దానికి నీలం రకం లాకింగ్ జిగురు ఒక బొట్టు చాలు. ఎరుపు రకం వాడితే ఈసారి ఊడదీసేవారు మిమ్మల్ని తలుచుకుంటారు.

పటమట ఎలక్ట్రీషియన్
శనివారం, ఉదయం 8.30

చక్ గురించి అందరూ చెప్పేశారు, నేను విద్యుత్తు గురించి చెబుతాను. మోటారు తిరుగుతోందంటే అది సురక్షితమని కాదు. వరదలో మునిగిన డ్రిల్లు స్విచ్‌లోనూ తీగ లోపలికి వచ్చే చోటా ఒండ్రు ఉండిపోయే అవకాశం ఉంది. ఆర్మేచర్ ఆరబెట్టినవారి చేతనే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్లగ్గు పిన్నులకూ స్పిండిల్‌కూ మధ్య ఇన్సులేషన్ పరీక్ష చేయించండి, పరీక్ష సమయంలో ట్రిగ్గర్ నొక్కి ఉంచాలి. తీగను మార్చేయండి. మొదటి కొన్ని రోజులైనా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) ఉన్న లైను మీదే వాడండి. మీ నాన్నగారు కూడా దాన్ని పట్టుకుంటారు కదా.

సింగ్‌నగర్ వడ్రంగి
ఆదివారం, సాయంత్రం 6.20

వన్‌టౌన్‌లో చక్ దొరికింది, వీపు మీద 1/2-20 అని ఉంది, పాతదాని ధర కన్నా ఏమంత ఎక్కువ కాదు, కొన్ని వందలే. స్క్రూ మాత్రం విడిగా మూడు దుకాణాల్లో అడిగినా లేదన్నారు. పాత స్క్రూకు రంధ్రం పడింది కనుక మళ్లీ వేయడం నాకు ఇష్టం లేదు. మెగ్గర్ పరీక్ష బాగా వచ్చింది, తీగ మార్చాను.

ఆటోనగర్ లేత్
ఆదివారం, సాయంత్రం 6.45

మోటారు కాలిపోయి మూలన పడేసిన డ్రిల్లులు మరమ్మతు షెడ్లన్నింటిలోనూ ఉంటాయి. అలాంటి డ్రిల్లు చక్ లోంచి స్క్రూ తీసి ఇమ్మని అడగండి. మీ పాత స్క్రూను పక్కన పెట్టి పొడవు, మర పోల్చి చూసుకోండి. అది దొరికేదాకా డ్రిల్లును ముందుకు మాత్రమే తిప్పండి, రివర్స్ వేయవద్దు.

సింగ్‌నగర్ వడ్రంగి
మంగళవారం, రాత్రి 8.10

దొరికింది, పొడవు సరిపోయింది. నీలం జిగురు పెట్టి, వ్యతిరేక దిశలో బిగించాను. ఈ రోజు ఒక టేకు ద్వారబంధానికి ఎనిమిది రంధ్రాలు వేశాను, బిట్ ఎక్కడా ఊగలేదు. మధ్యలో రెండు సార్లు రివర్స్ కూడా వేసి చూశాను, చక్ కదలలేదు. మొదటి రంధ్రం నాన్నగారు వేశారు.